రాళ్లుగా దాచుకున్న ఇల్లు

ఆదోనిలో దూదేకేవాళ్లకు ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్లు లేకపోలేదు. కానీ ఇచ్చి ఒక ఎండాకాలం గడిచాక, "ఇంగ సాలప్పా, వేరే ఇల్లు సూసుకోండి" అనని వాళ్లు మాత్రం లేరు. తప్పంతా వాళ్లదని నేననను. మా నాయన విల్లు పట్టుకుని నరం మీద కొయ్య గూటంతో కొట్టడం మొదలుపెడితే ఆ మోత వీధి చివరిదాకా పోయేది. మోతనైనా ఓర్చుకుంటారు గానీ నూగును ఓర్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఏకిన దూదిలోంచి లేచిన నూగు ఇంటివాళ్ల పప్పులో పడేది, ఆరేసిన బట్టల మీద పడేది. వాళ్ల పిల్లవాడు దగ్గితే మా వైపే చూసేవాళ్లు. ఆ పిల్లవాడు పుట్టినప్పటి నుంచీ దగ్గుతున్నా సరే.

పొమ్మన్నప్పుడు మా నాయన ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. తల ఊపి, లోపలికొచ్చి మూటలు కట్టేవాడు. కొత్త ఇంట్లో అమ్మ మట్టి తెచ్చి పొయ్యి వేసి అలికేది. ఆ పొయ్యి ఆరి, పొగ పెట్టకుండా మండడం నేర్చుకునే లోపల మళ్లీ ఎవరో ఒకరు గుమ్మంలోకొచ్చి గొంతు సవరించుకునేవాళ్లు. నాకు ఆ గొంతు సవరింపు వింటేనే ఒళ్లు మండేది. చిన్నప్పటి నుంచీ నా కోపం ముక్కు మీదే ఉంటుందని పేరు. ఇన్ని గుమ్మాలు దిగిన పిల్లకు కోపం ఇంకెక్కడుంటుంది?

ఇది డెబ్బైల నాటి మాట. నాకు పెళ్లీడు వచ్చింది. సంబంధం వెతకాల్సిన పని లేదు. ఎమ్మిగనూరులో మా మేనత్త కొడుకు ఉన్నాడు, చిన్నప్పుడే అనుకున్నదే. వాళ్లదీ ఇదే పని. మామ పోయాక అత్త దిండ్లు కుట్టేది, కొడుకు సైకిలు వెనక విల్లు కట్టుకుని ఊళ్లు తిరిగి పరుపులు కుట్టేవాడు. వాళ్లదీ అద్దె ఇల్లే. అంటే వాళ్ల గుమ్మంలోనూ ఎవరో ఒకరు గొంతు సవరిస్తూనే ఉండేవాళ్లు.

అత్త పూలూ పండ్లూ తీసుకుని మాట ఖాయం చేసుకోవడానికి వచ్చిన రోజు నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. తేదీ దాకా వచ్చారు. నేను లోపలి నుంచే అన్నాను.

"నాలుగు సొంత గోడలు లేందే నేను రాను."

అమ్మ లోపలికొచ్చి నా చెయ్యి గట్టిగా గిల్లింది. అత్త మాత్రం నవ్వింది. ఆమె నోరూ తక్కువది కాదు.

"ఇల్లు కట్టి సూడు, పెండ్లి సేసి సూడు అన్నారు గానీ మ్మే, రెండూ ఒగేసారి సూడమని యా పెద్దోడూ సెప్పలేదు" అంది.

"సూడకపోతే వద్దులే అత్తా. కొత్త కోడలు మూట ఎత్తుకోని వీధిలో నిలబడేది నేను సూడలేను" అన్నాను.

నా మాట ఎమ్మిగనూరు చేరింది. అత్త కొడుకు కోపగించుకుంటాడని అందరూ అనుకున్నారు. "సరే అని సెప్పు" అన్నాడట, అంతే. ఆ ఒక్క ముక్క విని నాకు మొదటిసారి ఆ మనిషి మీద గురి కుదిరింది.

అత్త తన వెండి కడియాలు అమ్మి ఊరి చివర, మగ్గాల వీధి ముగిసే చోట కొంచెం జాగా తీసుకుంది. అక్కడి నుంచి దాచడం మొదలైంది. అయితే ఆయన డబ్బు దాచలేదు. రాళ్లు దాచాడు. చేతికి పని డబ్బు రాగానే ఇంటి ఖర్చు పోను మిగిలినదానితో రాళ్ల బండి తోలించి జాగాలో దించేవాడు. ఎందుకలా అని మా నాయన అడిగితే, "రూపాయి ఇంట్లో ఉంటే సుట్టాలకు వాసన తగుల్తాది మామా. రాయిని అప్పడగరు గదా" అన్నాడు. ఆ మాటకు మా నాయన చాలా రోజులు తనలో తాను నవ్వుకున్నాడు.

మా వైపు అమ్మ పెళ్లికి దాచేది. సంతకు పోయినప్పుడల్లా ఒక గిన్నె, ఒక పళ్లెం. అన్నిటికన్నా ముఖ్యం మాత్రం మూలన ఉన్న దూది మూట. దూదేకులవాళ్ల పెళ్లికూతురుతో పోయే పరుపును అందరూ చేత్తో నొక్కి చూస్తారు. ఊరందరి పరుపులూ కుట్టేవాళ్లు సొంత బిడ్డకు ఎలాంటిది కుట్టారో చూడాలని అందరికీ ఆశే. అందుకని అమ్మ నా చిన్నతనం నుంచీ మేలైన పత్తి దొరికినప్పుడల్లా కొని ఆ మూటలో వేసేది. ఇల్లు మారిన ప్రతిసారీ ఆ మూటే ముందు బండి ఎక్కేది. అందులోంచి ఒక పిడికెడు తీసి నా బొమ్మకు దిండు చేసుకుందామంటే కూడా ఇచ్చేది కాదు.

మా పనికి ఎండాకాలమే అదను. వానాకాలంలో దూది చెమ్మ తాగి మొద్దులా పడి ఉంటుంది, విల్లు ఎంత కొట్టినా విచ్చుకోదు. కాబట్టి రాళ్ల కుప్ప ఎండాకాలంలో పెరిగేది, వానల్లో అలాగే ఉండేది. ఆయన మంత్రాలయం సత్రాలకు పోయి, యాత్రికులు పడుకుని పడుకుని గట్టిపడిపోయిన పరుపులను విప్పి, ఏకి, మళ్లీ కుట్టి వచ్చేవాడు. నెల రోజులు అక్కడే ఉండి వచ్చినప్పుడు దగ్గు కూడా వెంట తెచ్చుకునేవాడని అత్త చెప్పేది. ఎమ్మిగనూరు నుంచి ఎవరు వచ్చినా అమ్మ మంచినీళ్లిచ్చి, మొదట వాళ్ల క్షేమం, తర్వాత కుప్ప క్షేమం అడిగేది. మోకాలెత్తు అయింది, నడుమెత్తు అయింది అని చెప్పేవాళ్లు. నేను వంటింట్లో పని చేసుకుంటూ వింటున్నట్టు కనబడకుండా వినేదాన్ని. నాకు ఆ ఇల్లు రాళ్లలోనే కనబడేది. పొయ్యి ఎక్కడ వేయాలో కూడా అనుకున్నాను. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని అమ్మ వెక్కిరించేది.

అలా కొన్నేళ్లు గడిచాక ఒక వానాకాలంలో ఎమ్మిగనూరు నుంచి దూరపు బంధువు ఒకామె సంతకు వచ్చి మా ఇంట్లో దిగింది. అమ్మ అలవాటుగా కుప్ప సంగతి అడిగింది.

"కుప్ప యాడుందక్కా? మీ అల్లుడు పక్కింటోళ్లకు ఇచ్చేసినాడు గదా. పెద్ద ధర్మాత్ముడు" అంది ఆమె రొట్టె తుంచుకుంటూ.

నేను చేస్తున్న పని వదిలేసి బయటికొచ్చాను. ఆ పక్కింటివాళ్లు మగ్గం నేసేవాళ్లు, ముసలి దంపతులు. వానకు వాళ్ల మట్టి గోడ పడిపోయిందట. ఈయన కుప్పలో రాళ్లన్నీ ఇచ్చి గోడ కట్టించాడట. అంతవరకే ఆమెకు తెలుసు. నాకు అంతకన్నా తెలియాల్సింది ఏమీ లేదనిపించింది. ఇన్నేళ్లు నేను ఎదురుచూసింది ఇంకొకరి గోడ కోసమా? ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి దాచాలా? ఏడుపు రాలేదు. ఆ సంబంధం వద్దని చెప్పేయాలనిపించింది.

"నేను ఎమ్మిగనూరుకు పోతాండాను" అన్నాను.

పెళ్లికి ముందు ఆడపిల్ల ఆ ఊరి పొలిమేర తొక్కితే నలుగురూ ఏమంటారని అమ్మ అడ్డం పడింది. నాయన మాత్రం తువ్వాలు భుజాన వేసుకున్నాడు. మరుసటి రోజు ఇద్దరం బస్సెక్కాం. దారి పొడుగునా ఎమ్మిగనూరులో ఆయనకు ఏమేం చెప్పాలో వరసగా అనుకున్నాను. ఇప్పటికీ నా కోపం తప్పని నేననుకోను. అందరికీ కోపాలు ఉంటాయి, కొన్నింటికి కారణాలు కూడా ఉంటాయి.

జాగా దగ్గరికి పోయేసరికి కుప్ప ఉన్న చోట గడ్డి పసుపుపచ్చగా పడుకుని ఉంది. పక్కనే కొత్త రాతి గోడ, ఇంకా తడి ఆరలేదు. ఆయన సైకిలు దిగి నన్ను చూసి అక్కడే నిలబడిపోయాడు. పెద్దయ్యాక ఇద్దరం ఎదురెదురుగా మాట్లాడింది అదే మొదటిసారి.

"రాళ్లేవి?" అన్నాను.

ఆయన గోడ వైపు చూపించాడు.

"అవి ఎవరివి?"

"మనవే."

"మనవైతే వాళ్లింటికి ఎందుకు పోయినాయి?"

ఆయన గొంతు పెంచలేదు. "గోడ పడి మగ్గం గుంతలోకి నీళ్లు పోయినాయి. పడుగంతా బురదైపాయ. ఆ అవ్వ వానలో కూసోని ఒగొగ పోగూ పీకుతాండె. నేను రాళ్ల మీద కూసోని సూస్తా ఉండల్లనా?"

"నన్ను ఒగ మాట అడగల్ల గదా."

"ఆదోనికొచ్చి నిన్ను అడిగేదాకా వాన ఆగుతాదా?"

నాకు కోపం ఇంకా పెరిగింది. బస్సులో వరసగా అనుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు.

మా మాటలు విని ఆ నేతపని పెద్దాయన గోడ చుట్టూ తిరిగి మా వైపు వచ్చాడు. వెనకే ఆయన భార్య. ఆమె వేళ్లు గంజికి తెల్లగా నాని ఉన్నాయి.

"ఇట్ల రా పాపా, గోడ పైన సూడు" అన్నాడు ఆయన.

మా జాగా వైపు గోడ పైభాగంలో, సమాన దూరంలో, రాళ్ల మధ్య చదరంగా ఖాళీలు వదిలి ఉన్నాయి.

"దూలాలకు గూళ్లు అవి. మేస్త్రీ పూడ్సేస్తానంటే నేనే వద్దంటి. మా దూలాలు ఆ పక్క ఆనుకుంటాయి, మీ దూలాలు ఈ పక్క. గోడ ఇద్దరిదీ. రేపు నేను పోయినా నా పిల్లోళ్లు కాదనకుండా పెద్దమనుసుల్ని పిలిసి సెప్పినా" అన్నాడు.

మా నాయన దగ్గరున్న బండ మీదికెక్కి ఒక గూట్లో చెయ్యి పెట్టి లోతు చూశాడు. మోచేతి దాకా పోయింది. చెయ్యి వెంటనే బయటికి తీయలేదు.

నాలుగు సొంత గోడలు అన్నదాన్ని నేను. మూడు సొంతం, ఒకటి ఉమ్మడి అంటే ఒప్పుకోవాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగా ఆ అవ్వ మెల్లగా అంది.

"అంతా బాగానే ఉండాది గానీ, ఒగటి సెప్పల్ల తల్లీ. మేము పొద్దున్నే వీధిలో పడుగు సాగదీసి గంజి పెడతాం. మీరు విల్లు కొడితే నూగు లేస్తాది. తడి గంజి మీద నూగు పడితే ఆ పడుగు ఇంగ నెయ్యడానికి పనికి రాదు."

ఆమె గొంతు సవరించుకోలేదు, అంతే తేడా. మగ్గాల వీధి చివర దూదేకేవాళ్లు జాగా కొనుక్కోవడం ఎంత తెలివితక్కువ పనో అప్పటిదాకా మాలో ఒక్కరికీ తట్టలేదు. జాగా చవగ్గా ఎందుకు వచ్చిందని అడిగినవాళ్లు లేరు. ఊళ్లో ఎవరి పక్కన ఉన్నా పప్పులో నూగు పడేది. ఇక్కడ వాళ్ల కూట్లోనే పడుతుంది. నాయన బండ మీద నుంచి దిగి తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడం నాకు తెలుసు. ఇంకొక్క క్షణం ఆగితే, అలాగేనమ్మా, మేము ఇంకోచోట చూసుకుంటాం అనేస్తాడు.

"మీ పడుగు ఎంతసేపుంటాది అవ్వా వీధిలో?" అన్నాను.

"ఎండ ఎక్కేదాకా. గంజి ఆరినాక సుట్టేస్తాం."

"అయితే పొద్దున మీ పడుగు, మధ్యాన్నం మీద మా విల్లు. మీరు పడుగు సుట్టేసేదాకా మేము దూది ముట్టం. తలుపూ కిటికీ వీధి పక్క పెట్టం. వెనక సేన్ల పక్క పెట్టుకుంటాం. గాలి అటే పోతాది."

"వీధికి ఈపు పెట్టి ఎవరన్నా ఇల్లు కడతారా మ్మే?" అన్నాడు నాయన.

"మేము కడతాం" అన్నాను. సైకిలు పక్కన నిలబడిన ఆయన నా వైపు చూసి తల ఊపాడు. పెద్దాయనా అవ్వా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆమె లోపలికి పోయి మాకు మజ్జిగ తెచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆదోని కొండలు కనబడ్డాక అన్నాడు.

"నేను ఎప్పుడూ ఇట్ల అడగలేదు మ్మే. పొమ్మంటే మూట కట్టడమే. మధ్యాన్నం కొట్టుకుంటామని అడిగింటే ఒగరన్నా సరే అనింటారేమో."

ఆయన మీద జాలి వేసింది. ఆయన చెయ్యి మీద చెయ్యి వేశాను. మా ఇళ్లలో అలా వేసే అలవాటు లేదు.

మిగిలిన మూడు గోడలూ లేచేసరికి ఇంకో రెండు ఎండాకాలాలు పట్టింది. సత్రాల పని బాగానే దొరికింది. కానీ పైకప్పు దగ్గర ఆగిపోయాం. దూలాలూ, వాటి మీద పరిచే బండలూ రెండిళ్లవాళ్ల శక్తికీ మించినవి. పెళ్లికని ఉంచింది తీస్తే కప్పు పడుతుంది, కప్పుకు పెడితే పెళ్లి లేదు. "కుండలో కూడు కుండలోనే ఉండల్ల, బిడ్డ దుడ్డులా ఉండల్ల అంటే యాడ అయితాది?" అని అత్త విసుక్కుంది. ఆమెకు వయసు మీద పడుతోంది. ఇంకో ఏడు ఆగుదామని అందరూ అంటుంటే నేనే, దూది మూట అమ్మేద్దాం అన్నాను.

అమ్మ ఆ రోజు తిండి తినలేదు. "దూదేకులోళ్ల బిడ్డ పరుపు లేకుండా పోతాదా? నవ్వరా జనం?" అంది.

"పరుపు యాడ పరుస్తామే అమ్మా? సుక్కల కిందనా?"

"నీకు తెలీదు. నువ్వు నడక నేర్సుకునేటప్పటి నుంచి ఏరి పెట్టినా."

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మూటను ఒక వ్యాపారి తన కూతురి పెళ్లికని కొనుక్కున్నాడు. ఆ పరుపు కుట్టిపెట్టమని మా నాయన్నే పిలిచాడు. నాయన పోయి కుట్టి వచ్చాడు. ఎలా కుదిరిందని అమ్మ అడిగితే, "మనది గదా, బాగుండాది" అన్నాడు.

విందులోనూ కోత పడింది. పలావు లేదు, మాంసం లేదు. పొద్దున్నే నిఖా పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టాలని నిర్ణయించాం. బంధువులు ఆ పెళ్లిని ఇప్పటికీ ఉగ్గాని పెండ్లి అంటారు. అన్నవాళ్లలో రెండోసారి పెట్టించుకోనివాళ్లు లేరు.

నిఖా ఆ ఇంట్లోనే జరిగింది. దూలాలు ఎక్కాయి గానీ బండలు ఇంకా రాలేదు. తల ఎత్తితే దూలాల మధ్య ఆకాశం. లోపల పట్టినవాళ్లు పట్టగా మిగిలినవాళ్లు ఎక్కడ కూర్చోవాలా అని నేను బెంగపడ్డాను. ఇంటి పక్కకొచ్చి తొంగి చూస్తే వీధి అంతా ఖాళీగా, ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. ఆ పొద్దు మగ్గాల వీధిలో ఒక్కరూ పడుగు వేయలేదు. రోజు కూలి మీద బతికే వీధి అది. ఎవరు చెప్పారో, ఎవరు ఒప్పుకున్నారో మాకెవరూ చెప్పలేదు. మా బంధువులు వీధి పొడుగునా చాపలు వేసుకుని కూర్చుని తిన్నారు. నల్లపూసలు మెడలో పడేటప్పుడు కళ్లలో నీళ్లెందుకు అని అత్త అడిగితే ఎండ పడుతోందని చెప్పాను.

వానలకు ముందే బండలు పరిచి, పైన చవుడు మన్ను పోసి కొట్టించాం. మొదటి వాన ఒక మూల కారింది గానీ మిగతా ఇల్లు పొడిగానే నిలిచింది. మేము ఈతచాప మీద పడుకునేవాళ్లం. పరుపులు కుట్టేవాడి భార్య చాప మీద పడుకుంటుందని వీధి ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

వానలు వెనకబట్టాక సత్రం నుంచి పెద్ద పని వచ్చింది, ఈసారి పరుపులు బండి మీద ఇంటికే తోలారు. ఒక్కడి వల్ల అయ్యేది కాదని ఈయన మా నాయనకు కబురు పంపాడు. నాయన తన విల్లు భుజాన వేసుకుని బస్సు దిగి వచ్చాడు. పెళ్లి తర్వాత ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. ఇల్లంతా తిరిగి చూశాడు. గోడలను అరచేత్తో తట్టాడు. మధ్యాహ్నం దాటాక, వీధిలో పడుగులు చుట్టేశాక, విల్లు వేలాడదీయడానికి దూలానికి ఒక కొక్కెం కొట్టాలని సుత్తి తీసుకుని పీట ఎక్కాడు.

నేను పొయ్యి దగ్గర జొన్నపిండి కలుపుతున్నాను. చాలాసేపటికీ సుత్తి చప్పుడు వినబడలేదు. చూస్తే నాయన కొక్కెం దూలానికి ఆనించి పట్టుకుని, సుత్తి ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూస్తున్నాడు.

"కొక్కెం కొట్టే ముందు ఇంటామెను ఒగ మాట అడగల్ల గదా మ్మే" అన్నాడు గొంతు తగ్గించి. "ఏమనుకుంటాదో ఏమో."

నాకు మొదట అర్థం కాలేదు. అద్దె ఇళ్లలో ప్రతి మేకుకూ ముందు ఇలాగే అడగాల్సి వచ్చేదని తర్వాత గుర్తొచ్చింది. పిండి చేతులతోనే లేచి పీట దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ఇంటామె నేనే నాయనా" అన్నాను. "కొట్టు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత దూలం వైపు తిరిగి మెత్తగా ఒక్క దెబ్బ వేసి ఆగాడు. గుమ్మం వైపు చూశాడు. ఎవరూ రాలేదు. అప్పుడు మళ్లీ కొట్టాడు, ఈసారి గట్టిగా.